పదో డబ్బాకు జాగా

గడువు ఇంకా 26 రోజులు

జాగా చూసేవాళ్ళు రోజూ ఈ బుక్కు రాయాలి. ఎక్కడ తిరిగాం, ఏం కొలిచాం, ఎవరు కాదన్నారు. పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను, అన్నీ పరాయి ఇళ్ళ కోసమే. ఈ రోజు మొదటిసారి నా పేరు రాసుకున్నాను: బాలామణి, లైసెన్సు నలభై ఒకటి, ఒక డబ్బా, ఇద్దరు మనుషులు. మూడో మనిషి దారిలో ఉన్నాడు, లేదా ఉంది.

పొద్దున గోడలోంచి వార్డు గొంతు పలికింది. దానికి మా మాట రాదు, వాచకం చదివినట్టు మాట్లాడుతుంది. "గౌరవనీయులైన నివాసీ, మీ డబ్బా నిలిచి ఉన్న పదమూడవ స్తంభమును తొలగిస్తున్నాము. ఇరవై ఆరు దినములలో మరొక స్థానము చూసుకోగలరు."

రైళ్ళు ఆగిపోయిన మెట్రో స్తంభం ఇది. దీని నెత్తిన డబ్బా పెట్టొచ్చని నేనంటే అప్పట్లో అందరూ నవ్వారు. పదకొండేళ్ళు హాయిగా ఉన్నాం. గది పన్నెండడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు. ఈ నగరంలో అందరి ఇల్లూ అంతే, అదే బూడిద రంగు. డబ్బా సర్కారు ఇస్తుంది. దాన్ని పెట్టుకునే చోటు మాత్రం ఎవరిది వాళ్ళు వెతుక్కోవాలి.

"దొరకకుంటె ఏం జేస్తరు?" అని అడిగాను. తెలిసే అడిగాను.

"స్థానము లేని డబ్బాలో జన్మించిన శిశువునకు నగర సంఖ్య లభించదు. తల్లీబిడ్డలను బయటి వరుసలకు తరలించెదము. మీకు లైసెన్సు ఉన్నది కనుక మీరు ఉండవచ్చును. శుభదినము."

బయటి వరుసలంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ చెప్పనక్కర్లేదు. నా కొడుకు భరణి అయిదు నెలల కింద అక్కడ కాలువ పనికి పోయి ఎండకు పడిపోయి మళ్ళీ లేవలేదు. మనిషిని పంపలేదు, నీళ్ళ సీసా, చెప్పులు పంపారు. రవళి అతని భార్య. ఆమెకు ఎనిమిదో నెల.

గొంతు ఆగిపోయాక రవళి అంది, "రెండొందల పన్నెండు మందికి జాగ చూసినవు అత్తమ్మా. మనకొక్కటి దొరకదా?"

"ఎందుకు దొరకది? దొరుకుతది."

"అబద్ధం జెప్పేటప్పుడు చెవి గోక్కుంటవు నువ్వు."

చెయ్యి కిందికి దించాను. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తరువాత నేను టేపు తీసుకుని బయటికి పోయాను.

గడువు ఇంకా 22 రోజులు

నాలుగు రోజుల్లో పద్నాలుగు జాగాలు. జాగా అంటే మూడు ఉండాలి. క్రేను చెయ్యి అందాలి. పైకప్పు మీద రోజుకు నాలుగు గంటలైనా ఎండ పడాలి, లేకపోతే కూలరు నడవదు. చుట్టుపక్కలవాళ్ళు సరేననాలి. మొదటి రెండూ టేపు, గడియారం తేలుస్తాయి. మూడోదానికే నోరు నొప్పి పుడుతుంది.

పాత టవర్లో ఆగిపోయిన లిఫ్టు గొయ్యి చూశాను. కొలత సరిగ్గా సరిపోయింది కానీ ఎండ మొహం చూడదు. అదే టవరు పదో అంతస్తులో నీళ్ళు లేని ఈతకొలనులో నాలుగు డబ్బాలున్నాయి, అయిదోదానికి చోటుంది. అక్కడి పెద్దమనిషి రవళి కడుపు చూసి, "పిల్లలు ఏడుస్తరమ్మా, మాకు నిద్ర పట్టది" అన్నాడు. ఆయన్ని ఆ కొలనులో పెట్టింది నేనే. రెండు హోర్డింగుల నడుమ చూశాను, గాలికి డబ్బా ఊగుతుంది. శ్మశానం గోడ వెనక కూడా చూశాను. అక్కడా నా ముందు ఆరుగురున్నారు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే ఒకతను నిచ్చెనెక్కి వచ్చాడు. పేరు కొమురెల్లి. అతని డబ్బా నలభై రోజులుగా ట్రాలీ మీదే ఉందట. అందులోనే భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఎక్కడ ఆపినా తెల్లారేసరికి పోలీసులు తరుముతున్నారట.

"జాగ చూస్తరంట గదమ్మా."

"చూస్తుంటి. ఇప్పుడు నాకే లేదు."

అతను పోడు. ముద్ద నోట్లో పెట్టుకోనివ్వడు. నాకు చిరాకేసి, అందరికీ చెప్పేదే అతనికీ చెప్పి వదిలించుకున్నాను. "కండ్లు తెరుసుకొని తిరుగు. ఖాళీ కనవడ్డదా, మంచి రోజు, రాహుకాలం అనుకుంట కూసోకు. డబ్బా దింపు, పొయ్యి మీద పాలు పెట్టు. పొంగినయంటె ఇగ నిన్నెవ్వడు లేపలేడు."

"పాలు లేకుంటెనమ్మా?"

"పొడి కలుపు. పొంగుడు గావాలె."

ఈ పాల సంగతి నా పుణ్యమే. మొదటి రోజుల్లో బలమున్నవాడు రాత్రికి రాత్రి పక్కవాడి డబ్బా లేపేసి తనది పెట్టుకునేవాడు. వార్డు విచారణలో నేను లేచి, పాలు పొంగిన ఇంటిని లేపుతారా, మీ ఇంట్లో చేస్తారా ఈ పని అని అడిగాను. ఆ మాట రూలయింది. పాలు పొంగేలోపు పొరుగువాళ్ళు కాదనొచ్చు. పొంగాక ఎవరూ కాదనడానికి లేదు. పొయ్యి వేడెక్కిందో లేదో వార్డుకు తెలుస్తుంది కానీ, పాలు గిన్నె దాటాయో లేదో దానికి కనపడదు. అది దగ్గర్లో ఉన్న జాగా మనిషి చూసి చెప్పాలి. మా మాటే సాక్ష్యం.

గడువు ఇంకా 15 రోజులు

ఇప్పటికి నలభై మూడు. రాయడానికి కూడా ఏవగింపుగా ఉంది. ఫ్లైఓవరు కడుపులో సందు: ఎండ లేదు. నీళ్ళ ట్యాంకు నెత్తిన: క్రేను అందదు. సినిమా హాలు బాల్కనీ: మూడో వరుస దాకా డబ్బాలే, నాలుగో వరుస కూలిపోయింది.

రవళి కాళ్ళు వాచాయి. తిరగొద్దన్నా వినకుండా ఈ రోజు కూడా నాతో వచ్చింది. ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఊరంతా చూసి, "ఇంత పెద్ద ఊర్ల ఎనిమిదడుగులు లేవా అత్తమ్మా?" అంది. చెవి గోక్కోకుండా చెప్పగలిగింది ఏదీ నా దగ్గర లేదు.

గడువు ఇంకా 11 రోజులు

దొరికింది. నేను ఎంత మొద్దునో కూడా దొరికింది.

ఎండిపోయిన మురుగు నాలాలో తొమ్మిది డబ్బాల వరుస ఉంది. ఎనిమిదేళ్ళ కింద నేనే పెట్టించాను. రెండు వైపులా సిమెంటు గోడలు, నడుమ వరుసగా తొమ్మిది ఇళ్ళు. నాకొక అలవాటుంది. ఏ రెండు డబ్బాల మధ్యనైనా జానెడు సందు వదులుతాను. రూల్లో లేదు. పక్క కిటికీ తీసుకుంటే ఇంత గాలి రావాలి, మనుషులు సర్దిన సామాను కారు కదా అని. మిగతా జాగా మనుషులు నన్ను చూసి నవ్వేవారు. బాలామణి గాలికి కూడా జాగా ఇస్తుంది అనేవారు.

పొద్దున ఆ నాలా గట్టు మీద కూర్చుని టీ తాగుతుంటే వేళ్ళు వాటంతట అవే లెక్కపెట్టాయి. డబ్బాల నడుమ సందులు ఎనిమిది, గోడల దగ్గర రెండు. మొత్తం పది. నా చేతులు పెద్దవి, నా జాన పది అంగుళాలు. నూరంగుళాలు. డబ్బా వెడల్పు తొంభై ఆరు.

తొమ్మిదిళ్ళనూ పడమటి గోడకు నొక్కేస్తే తూర్పున నా ఇంటికి చోటొస్తుంది. తొమ్మిదిళ్ళకూ పక్క కిటికీలు పోతాయి. మంచితనానికి వదిలిన గాలినే మళ్ళీ నేను పోయి అడగాలి.

గడువు ఇంకా 6 రోజులు

అయిదు రోజులు గుమ్మం గుమ్మం తిరిగాను. ఎనిమిదిళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఒకామె నన్నసలు కూర్చోనివ్వకుండానే, "మా ఇంట్ల పాలు పొంగినప్పుడు నువ్వే గదా నిలవడ్డది, జరపుకో" అంది. బయటికొచ్చి గోడ చాటుకు పోయి ఏడ్చాను.

అయిదో డబ్బా రాజేశం ఒప్పుకోలేదు. ఆయన దర్జీ. మిషను పక్క కిటికీ దగ్గరే ఉంటుంది. ముఖద్వారం దగ్గర మిషను పెడితే నడిచే దారి ఉండదు.

"కిటికి పోతె సూదిల దారమెట్ల ఎక్కియ్యాలె? నా కండ్లు సూసినవా?"

మూడు రోజులు అదే మాట. ఈ రోజు నాలుగోసారి పోతే పలకరించకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు. చివరికి దారం తెంపి ఒక చిన్న గుడ్డ నా మీదికి విసిరాడు. పసిపిల్లల జుబ్బా. గుండీలు లేవు, కట్టుకునే దారాలున్నాయి.

"దీపం పెట్టుకొని కుడత" అన్నాడు. "శుక్రారం జరపుకోపో."

గడువు ఇంకా 3 రోజులు, శుక్రవారం

ఇది నిదానంగా రాయాలి. తొందరగా రాస్తే ఎవరినో తిడతాను, తిట్టవలసిన మనిషి ఈ బుక్కు రాస్తున్నదే.

ఆరింటికి జహంగీర్ క్రేనుతో వచ్చాడు. నాతో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాడు, గ్లాసులో నీళ్ళు తొణక్కుండా డబ్బా లేపుతాడు. మనుషులు లోపల ఉండగానే ఒక్కొక్క ఇంటినీ పడమటికి జరిపాడు. రేకు రేకు ఒరుసుకున్నప్పుడల్లా ఒక కిటికీ చీకటయింది. పదీ పదిహేనుకు తొమ్మిదోది ఆగింది. తూర్పున ఖాళీ తెరుచుకుంది. టేపు పెట్టాను. నూరు. అంగుళం తగ్గలేదు.

ముందుగానే స్తంభం మీంచి దింపిన నా డబ్బా రెండు వందల అడుగుల అవతల, ఫ్లైఓవరు నీడలో లారీ మీద ఉంది. అందులో రవళి పడుకుని ఉంది.

"దింపుదమా అక్కా?" అన్నాడు జహంగీర్.

గడియారం చూశాను. దింపడానికి అరగంట, పాలకు ఇంకో పావుగంట. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. పాలు సరిగ్గా అందులో పడతాయి.

"పన్నెండు దాటనియ్" అన్నాను.

జహంగీర్ క్రేను ఆపి నా మొహంలోకి చూశాడు. "నువ్వేనా అక్కా ఈ మాట అంటున్నది?"

నిజమే. రాహుకాలం అన్నవాళ్ళను పంతొమ్మిదేళ్ళు వెక్కిరించాను. ఒకామె ముహూర్తం కోసం ఆగుతానంటే, నీ జాగాకు ఎదురుచూడటం రాదు తల్లీ అని చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళాను. నాకు ఆ నమ్మకాలు లేవనే అనుకున్నాను. కానీ భరణి బయలుదేరింది ఒక సోమవారం పొద్దున, ఏడున్నర దాటాక. అప్పుడు రాహుకాలమని తరువాత ఎవరో చెప్పారు. ఆ మాట విననట్టే నటించాను, అయిదు నెలలుగా లోపల మోస్తూనే ఉన్నాను.

"నాకోసం గాదురా. పుట్టేటోల్ల కోసం."

"సరే. అయితె నేను ఇంటికి పోయి తానం జేసి, నమాజు చదువుకొని రెండింటికి వస్త."

నాలా వాళ్ళకు మధ్యాహ్నం దింపుతామని చెప్పి నేను లారీ దగ్గరికి వచ్చాను. రవళి పక్కన నడుం వాల్చాను. ఇరవై మూడు రోజుల నిద్ర ఒక్కసారే మీద పడింది.

రవళి తట్టి లేపింది. "అత్తమ్మా, క్రేను చప్పుడైతుంది. జహంగీరన్న జల్ది వచ్చిండా?"

పన్నెండు నలభై. మేము పోయేసరికి తూర్పు ఖాళీలో డబ్బా ఉంది. బూడిద రంగు, అచ్చం నాదే. అవతలి గట్టు మీంచి ఎవరిదో అద్దె క్రేను వెనక్కి పోతోంది. రాజేశం చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఇది నీది గాదా?" అన్నాడు. "నీదే అనుకున్నం గద బాలామణీ. నేనే జర ఎడమకు, జర ఎడమకు అని దగ్గరుండి దింపిచ్చిన."

తలుపు తెరుచుకుంది. కొమురెల్లి బయటికి వచ్చాడు. వెనక నుంచి పొంగిన పాలు మాడిన వాసన.

శుక్రవారం, సాయంత్రం

అతనికి తెలియదు. ఒట్టేసి చెప్పాడు, నమ్ముతున్నాను. ఖాళీ కనబడింది, మనుషులు ఎదురొచ్చి సాయం పట్టారు, దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాడట. "మీరు చెప్పినట్టే జేసిన అమ్మా" అన్నాడు. "రాహుకాలం గిట్ట సూడలే."

అప్పుడే అతని గోడలోంచి గొంతు లేచింది. "సమీపములో ఉన్న లైసెన్సుదారు బాలామణి గారు సాక్ష్యము చెప్పగలరు. పాలు పొంగినవా?"

లోపలికి పోయాను. గిన్నెలో అడుగున కొంచెం పాలపొడి నీళ్ళు. పొయ్యి తూర్పు పక్కన తెల్లగా కారి ఉంది, ఇంకా ఆరలేదు. చిన్నపిల్ల వేలితో అద్ది నాకుతోంది. వాళ్ళమ్మ నన్ను చూడటం లేదు, నా నోటిని చూస్తోంది.

రాజేశం వెనక నుంచి నా చెవిలో అన్నాడు, "పొంగలేదని చెప్పు. మేమందరం అదే చెప్తం." నిజమే, చెప్పేవాళ్ళు. నేను కాదంటే గంటలో వార్డు ఆ డబ్బాను లేపేది. రెండింటికి నాది దిగేది.

నా చెయ్యి పైకి పోయింది, చెవి దాకా. గుమ్మంలో రవళి నిలబడి ఉంది. ఆమె చూసింది. ఏం చెప్పబోతున్నానో ఆమెకు తెలిసిపోయింది. ఆమె వద్దనలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని ఊరికే నిలబడింది.

చెయ్యి దించేశాను. "పొంగినయి" అన్నాను.

"ధన్యవాదములు. శుభదినము."

గడువు ఇంకా 1 రోజు

రెండు రోజులుగా నాలా వాళ్ళు నన్నో దేవతలా చూస్తున్నారు. ఆ మర్యాద నాకొద్దు. అది మంచితనం కాదు. నా నోటి మాట మీద రెండు వందల పన్నెండిళ్ళు నిలబడి ఉన్నాయి, ఒక్కసారి ఆ మాట కుళ్ళితే అన్నిటినీ ఎవడైనా లేపొచ్చు. ఆ భయంతో చెప్పాను. ఆ పిల్ల వేలు చూసి చెప్పాను. ఇప్పుడు అడిగితే పొంగలేదనే చెబుతాను. రాత్రి రవళి నొప్పి ఓర్చుకుంటూ దిండు కొరుకుతుంటే, పొంగలేదు, పొంగలేదు అని చీకట్లో పదిసార్లు అనుకున్నాను. వినే గొంతు లేదు.

తొమ్మిదిళ్ళకు కిటికీలు పోయాయి. రాజేశం పగలే దీపం పెట్టుకున్నాడు. నేను పోతే మిషను ఆపాడు, నేను వెనక్కి తిరిగాక మళ్ళీ తొక్కాడు.

రవళితో పోవడానికి సాయంత్రం వార్డుకు నా లైసెన్సు తిరిగి ఇచ్చేశాను. డబ్బాతో బయటికి పోయినవాళ్ళు మళ్ళీ లోపలికి రాలేరని గొంతు మూడుసార్లు హెచ్చరించింది. దాని పని అది.

గడువు లేదు

మా డబ్బాను బయటి వరుసలకు జహంగీరే తెచ్చి దింపాడు. వేరే ఎవరినీ ముట్టనివ్వలేదు. దింపేటప్పుడు అలవాటుగా, "ఎటు జరపమంటవు అక్కా?" అని అడిగాడు. చుట్టూ చూశాను. ఎర్రమన్ను, కాలువ గట్టు, అక్కడక్కడ నంబరు రాళ్ళు. ఆకాశం దాకా ఖాళీ. పంతొమ్మిదేళ్ళు అంగుళాలు ఏరుకున్నదాన్ని, టేపు బయటికి తీయబుద్ధి కాలేదు. ఎటైనా ఒకటేనన్నాను.

ఇక్కడ పైకప్పు మీద ఎండకు కొదవ లేదు. ఎక్కువై కూలరు గంటకోసారి ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా తడిగుడ్డలు కడుతున్నాను. తెచ్చిన పాలు పొయ్యెక్కక ముందే విరిగిపోయాయి.

ఈ రోజు ఆడపిల్ల పుట్టింది. నా చేతుల్లోకే వచ్చింది. నా పెద్ద చేతులు ఇందుకు మాత్రం పనికొచ్చాయి, కాళ్ళు ముడుచుకున్న పిల్ల మొత్తం ఒక జాన, ఇంకో సగం. రాజేశం కుట్టిన జుబ్బా తొడిగాను. ఏడుస్తోంది. ఏడుపు తగ్గినప్పుడల్లా పెదాల మీద తడిగుడ్డ అద్దుతున్నాను. మళ్ళీ ఏడుస్తోంది.

రవళి కళ్ళు మూసుకునే అడిగింది. "పుట్టిన టైం రాస్కున్నవా అత్తమ్మా?"

గడియారం నా చేతికే ఉంది. ఒక్కసారి కూడా చూడలేదు.

"మంచి టైంలనే పుట్టింది బిడ్డా" అన్నాను.

నా చెయ్యి చెవి దగ్గరికి పోయింది. రవళి కళ్ళు తెరవలేదు.